కొబ్బరాకు కట్టిన కంటైనర్

మారుమూల దీవి లారాత్ రేవులో ఓడ కంపెనీ ఏజెంటు యోసెఫీనా ఆ పొద్దున ఓడ కోసం దిగులుగా ఎదురుచూస్తోంది. నెలకోసారి సురబాయ నుంచి ఓడ పన్నెండు కంటైనర్ల నిండా బియ్యం, సిమెంటు, నూడుల్స్ తెస్తుంది, వెళ్లేటప్పుడు ఖాళీవి పట్టుకుపోతుంది. ఈసారి ఆ ఖాళీవాటిలో ఒక్క పెట్టయినా నిండుగా తిరిగి రాకపోతే వచ్చే నెల నుంచి ఓడ పంపేది లేదని కంపెనీ తెగేసి చెప్పింది. ఓడ రాకపోతే ఊరికి బియ్యం లేదు, ఆవిడకి ఉద్యోగం లేదు.

కిందటి నెల రేవులోనే ఉంచేసిన ఖాళీ పెట్టెలో సగానికి ఎండుకొబ్బరి బస్తాలు చేరాయి. మిగతావి తెస్తామని ఊళ్లోవాళ్లు మాటిచ్చారు. ఈలోగా ఉన్నవి మాయం కాకుండా ఆవిడ ఎవర్నీ అడక్కుండా తలుపుకి లేత కొబ్బరాకు కట్టింది. ఆకు కట్టారంటే ససి, అంటే ఊరి కట్టుబాటు, పెట్టినట్టే. ఊరి పెద్ద విప్పేదాకా చెట్టుమీది కాయనైనా, నీళ్లలో చేపనైనా ఎవరూ ముట్టరు. దొంగలు ముట్టలేదు, నిజమే. బస్తాలు మోసుకొచ్చినవాళ్లు కూడా ఆకు చూసి, వచ్చినదారినే మోసుకుపోయారు. తన తెలివికి తనకే ఒళ్లు మండింది.

"సగమేనా అమ్మా?" అన్నాడు ఓడ దిగొచ్చిన కేప్టెన్ విబోవో. "సగమంటే కంపెనీవాళ్లు ఒప్పుకోరు. సరే, ఎక్కించండి."

ఓడ మీద క్రేను నడిపే హెంకీ సపరువా దీవి వాడు, అక్కడా ససి అంటే భయమే. ఆకు చూసి చేతులు కట్టుకున్నాడు. "నా వల్ల కాదు సార్. మా అమ్మ చంపేస్తుంది."

"మీ అమ్మ ఇక్కడ లేదుగా."

"ఆవిడకి తెలిసిపోతుంది సార్."

ఊరి పెద్ద డొమింగుస్ తాతకి కబురెళ్లింది. ఆయన తాపీగా వచ్చి ఆకు తడిమి చూశాడు.

"ఎవరే కట్టింది?"

"నేనే తాతా. బుద్ధి గడ్డి తింది. విప్పెయ్యి."

"ఎప్పటిదాకా అని కట్టావు?"

"నిండేదాకా."

"నిండిందా?"

"లేదు."

"మరి నేనెలా విప్పను?"

యోసెఫీనాకి ఏడుపొచ్చింది. తాత ఆవిడ వంక చూడనైనా చూడలేదు. "వచ్చే నెల రండి బాబూ, విప్పుతాను," అన్నాడు కేప్టెన్‌తో.

"వచ్చే నెల ఓడ లేదు పెద్దాయనా."

"అలాగా. అయితే అందులో కోళ్లు పెంచుకుంటాం."

కంపెనీ పెట్టె పోగొట్టుకొచ్చానని చెప్పే ధైర్యం కేప్టెన్‌కి లేదు. ఫోను తీసి పావుగంట సేపు ఎవరినో బతిమాలాడు. ఆఖరికి వచ్చే నెల ఓడ వచ్చే తేదీ వేసిన చీటీ యోసెఫీనా చేతిలో పెట్టి ఓడెక్కాడు.

ఓడ కదిలాక ఆవిడ కళ్లు తుడుచుకుంది. "తాతా, బస్తాలు వెయ్యడానికి జనం భయపడుతున్నారు. ఇది నిండేదెలా?"

"ససి తియ్యొద్దంటుంది గానీ వెయ్యొద్దంటుందా, పిచ్చి మొహాల్లారా? రేపు చర్చిలో చెప్తాలే." నాలుగడుగులు వేసి ఆగాడు. "అన్నట్టు, పూర్తిగా నింపకు. నిండితే ఆకు విప్పాల్సొస్తుంది. ఒక్క బస్తా చోటు వదిలెయ్."