అరువు గొంతు

హీరో పోయాడని తెలిసిన రోజు డబ్బింగాయన మనస్ఫూర్తిగానే ఏడ్చాడు. ఏడవడూ మరి! మన భాష ఒక్క ముక్క రాని ఆ మనిషి తెర మీద ప్రేమించినా, తిట్టినా, ప్రాణాలొదిలినా, పెదవులు ఆయనవి, గొంతు ఈయనది. ఏళ్ల తరబడి అదే కాపురం. ఓదార్చడానికొచ్చిన ఇరుగుపొరుగు అడిగారు కదా అని ఆ పూట ఓ డైలాగ్ చెప్పాడు. అక్కడే ఇరుక్కున్నాడు.

ఆనాటి నుంచి గుమ్మం ముందు జనం తరగలేదు. అపార్ట్‌మెంట్ మెట్ల మీద హీరో ఫొటో పెట్టి, పూలు పోసి, కొవ్వొత్తులు వెలిగించారు. పాలవాడు, లిఫ్ట్ మెకానిక్, పై అంతస్తు లెక్చరరమ్మ, అందరిదీ ఒకటే పాట: "ఒక్కసారి సార్, ఒక్కటంటే ఒక్కటి!" చెబితే ఏడుస్తారు. చెప్పకపోతే ఇంకా ఏడుస్తారు. ఈయనేమో నోట్లో నాలుక లేని మనిషి. సినిమాల్లో అంతంత గర్జించిన గొంతుతో 'కుదరదు' అని మాత్రం ఏనాడూ అనలేకపోయాడు.

"కూరలో ఉప్పు తక్కువైందని మీరంటున్నా ఆయనే అంటున్నట్టుందండీ. ఒళ్లు జలదరిస్తోంది" అంది భార్య.

ఆవిడ జలదరింపు ఒక ఎత్తు, బతుకుతెరువు ఒక ఎత్తు. పోయిన మనిషి గొంతును ఏ నిర్మాత తెచ్చి కొత్త హీరోకి తగిలిస్తాడు? మిగిలింది ఒకే ఒక్క అవకాశం. పిల్లల కార్టూన్ సీరియల్లో ముసలి ఎలుగుబంటికి గొంతివ్వడం. అదైనా దక్కాలంటే ఇవాళ స్టూడియోలో పాసవ్వాలి. మెట్ల మీద అభిమానులందరికీ తలో డైలాగూ అప్పజెప్పి, తల ప్రాణం తోకకొచ్చి, ఎలాగో అక్కడికి చేరాడు.

అద్దాల గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని నిలబడ్డాడు. తెర మీద ఎలుగుబంటి నోరు కదిపింది. ఈయన కదపలేదు. ఎందుకంటే హీరోగారు ప్రతి మాటకీ ముందు ముక్కుతో చిన్న ఊపిరి పీల్చేవాడు. హెడ్‌ఫోన్లలో అది వినబడగానే మాట అందుకోవడం ఈయనకు అలవాటు. ఎలుగుబంటి బొమ్మ కదా, ఊపిరెక్కడిది? రాని ఊపిరి కోసం పిచ్చివాడిలా ఎదురుచూశాడు. రెండోసారి ఆ ఊపిరేదో తనే పీల్చి మొదలెట్టాడు. అంతే, ఎలుగుబంటి నోట్లోంచి హీరో దిగాడు.

"సార్, మళ్లీ ఆయనే వచ్చేస్తున్నారు" అన్నాడు సౌండ్ ఇంజనీర్. "మీ గొంతుతో చెప్పండి."

"ఇది నాదే కదా బాబూ."

"అది కాద్సార్. మీ సొంతది. ఇంట్లో మాట్లాడేది."

ఎంత వెతికినా లోపల ఇంకో గొంతు తగల్లేదు. అద్దం అవతల టీ ఇచ్చే మనిషి చేతిలో ట్రేతో నిలబడి కళ్లు తుడుచుకుంటున్నాడు.

"పోనీ రేపొక్కసారి రండి సార్. అప్పటికీ కుదరకపోతే వేరే ఆయన్ని పిలుస్తాను, ఏమీ అనుకోకండి."

వరండాలోకొచ్చి గోడకి ఆనుకున్నాడు. భయమేసింది, నిజంగా భయమేసింది. పెళ్లినాటికే ఆ గొంతులో ఉన్నాడు కాబట్టి భార్యనడిగి లాభం లేదు. ఎత్తుకుని పెంచింది అక్క. ఆవిడకి తెలియకపోతే లోకంలో ఇంకెవరికీ తెలియదు. ఫోన్ చేశాడు.

"అక్కా, చిన్నప్పుడు నేనెలా మాట్లాడేవాణ్ణే? ఈ సినిమాలకి ముందు. నా గొంతెలా ఉండేది?"

అవతల సన్నగా ఏడుపు. ఆ పాత పిల్లాడు గుర్తొచ్చాడేమోనని ఈయనకి ప్రాణం లేచొచ్చింది.

"చెప్పక్కా. ఎలా ఉండేది?"

"ఏమోరా, అదెవరికి గుర్తుంది?" ముక్కు చీదుకుంది అక్క. "ఫోన్ మాత్రం పెట్టెయ్యకురా నాన్నా. ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండు. నువ్వు మాట్లాడుతుంటే ఆయన పోయినట్టే లేదు. ఏదీ, ఆ కోర్టు సీన్లో డైలాగ్ ఒక్కసారి."

పెంచిన అక్క. ఆవిడతో మాత్రం ఎలా కాదంటాడు? కళ్లు మూసుకుని, ముక్కుతో చిన్న ఊపిరి పీల్చాడు.