ఫోటో వెనక వైపు

ఆ పత్రికాఫీసులో కొత్తగా పెట్టిన కంప్యూటర్ ఏర్పాటుకి అందరూ కలిసి ‘అల్లుడుగారు’ అని పేరు ఖాయం చేశారు. దాన్ని ఎవరూ పల్లెత్తు మాట అనకూడదు. అది అడిగింది వేళకి అమర్చాలి. అది తప్పు చేస్తే చుట్టూ ఉన్నవాళ్లే సర్దుకోవాలి. దాని రాకతో సగంమంది కుర్చీలు వరండాలోకి మారాయి కూడాను. ఇన్ని లక్షణాలున్నదాన్ని అల్లుడనక ఇంకేమంటారని ఫోటోల అక్క మొదట అంది, అదే పేరు నిలిచిపోయింది. వార్త వచ్చీ రాగానే దానికి తగిన ఫోటో వెతికి తగిలించడం అల్లుడుగారి పని. అంతకుముందు ఆ పని అక్కది.

ఆఫీసు వెనక గదిలో ఇనుప బీరువాల మధ్య అక్కకి సగం జీవితం గడిచింది. ఆవిడ పద్ధతి ఒకటే. ప్రతి ఫోటో వెనక ఎవరు, ఎక్కడ, ఏం జరిగింది అన్నది పెన్సిల్‌తో రాయాలి. పెన్నుతో రాస్తే ముందువైపు గీతలు తేలతాయి కాబట్టి పెన్సిలే. వెనక రాయని ఫోటో కావాలని ఎవరొచ్చి అడిగినా, అది ఎడిటర్ గారైనా సరే, ఇచ్చేది కాదు. ‘ముఖం చూసి పిల్లనిస్తే ఇవ్వండి గానీ, ముఖం చూసి ఫోటో మాత్రం నేనివ్వను’ అనేది. అందరూ నవ్వేవారు. కానీ ఆవిడ ఉన్నన్నాళ్లూ ఆ పత్రికలో ఒకరి పేరుకి ఇంకొకరి ముఖం పడలేదు.

తర్వాత ఫోటోలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించమన్నారు. ముందువైపు మాత్రమే. వెనకవైపు రాతలు కూడా ఎక్కిస్తే పని రెట్టింపవుతుందని, అది రెండో విడతలో చూద్దామని పైవాళ్లు సెలవిచ్చారు. ఈ లోకంలో రెండో విడతకి వదిలిన పని జరగగా చూసినవాళ్లెవరైనా ఉంటే చేతులెత్తండి. అక్క గొడవపడింది, కొన్నాళ్లు మూతి ముడుచుకుంది, ఆ తర్వాత అందరిలాగే ఊరుకుంది. బీరువాలు పాత సామాన్ల బండెక్కాయి. ఫోటోలు గోనెసంచుల్లోకి వెళ్లాయి. అక్క ఆ గుట్టలోంచి ఒక్క ఫోటో తీసి బ్యాగులో వేసుకుంది. అది వాళ్ల బాబాయిది.

బాబాయి బస్సు డ్రైవరు. అక్క నాన్న పోయాక ఫీజులు కట్టి చదివించింది, పెళ్లి చేసింది, ఆ పెళ్లి నిలవకపోతే మారు మాట లేకుండా ఇంటికి తీసుకొచ్చింది ఆయనే. చాలా ఏళ్ల కిందట ఆయన నడిపే బస్సుకి నిప్పంటుకుంది. అందరినీ దించి, మళ్లీ లోపలికెళ్లి, సీటు కింద ఇరుక్కుపోయిన పాపని తెచ్చాడు. ఆ క్షణంలో తీసిన ఫోటో అది. తీసినవాడు పొగ అడ్డం రాకుండా బాగా దగ్గరికెళ్లి తీశాడు, అందుకని అందులో బస్సు లేదు. బాబాయి జుట్టు చెదిరి, ముఖం నల్లబడి, కళ్లు పెద్దవి చేసుకుని పరిగెత్తుతున్నాడు. ఆయన చేతుల్లో పాప తల్లి కోసం రెండు చేతులూ చాచి గుక్కపట్టి ఏడుస్తోంది. తల్లి కూడా ఫోటోలో లేదు.

అక్క తెచ్చి ఇవ్వగానే బాబాయి దానికి ఫ్రేము కట్టించి ముందు గదిలో తగిలించాడు. గడప దాటిన ప్రతివాడూ దాన్ని చూసి, బస్సు కథ మొత్తం విని తీరాలి. ‘ఇంటికొచ్చినవాళ్లకి మంచినీళ్లకంటే ముందు ఆ ఫోటో ఇస్తాడు మీ బాబాయి’ అని పిన్ని దెప్పేది. ‘అన్నేళ్లు బండి జాగ్రత్తగా నడిపితే ఒక్కడూ పట్టించుకోలేదే, అది కాస్తా కాలిపోయాక పేపర్లో వేశారు’ అని బాబాయి నవ్వేవాడు.

బీరువాలు పోయాక అక్కని వెబ్‌సైట్లో వార్తల కింద జనం రాసే బూతులు తీసేసే పనిలో కూర్చోబెట్టారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిట్లు చదవడం, చెరపడం. ఇంటికెళ్లాక అన్నం సయించేది కాదు. ఆ మధ్యాహ్నం కూడా టీ పక్కన పెట్టుకుని అదే పని చేస్తోంది. ఒక వార్త కింద తిట్లు వరదలా వస్తున్నాయి. వీణ్ణి కనిపించిన చోటే నరకాలి, చెట్టుకి కట్టేసి కొట్టాలి, పోలీసులకి ఇవ్వకూడదు. అక్క అలవాటుగా ఒక్కొక్కటీ చెరుపుతూ పోయింది. ఇంతలో ఒకడు రాశాడు: ‘ఈ ఫోటో నేను చూశాను. మా వెనక వీధిలో ఒక ముసలాడి ఇంట్లో గోడకి ఉంది.’ దాని కింద ఇంకొకడు, ఏ వీధి చెప్పు, ఇప్పుడే వస్తాం అన్నాడు. మొదటివాడు చెప్పాడు. దర్జీ కొట్టు పక్క ఇల్లని గుర్తు కూడా చెప్పాడు.

అక్క అప్పుడు తలెత్తి పైన ఫోటో చూసింది. అందులో ఉన్నది బాబాయి.

వార్త ఏమిటంటే, పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా ఒకటి తిరుగుతోందని ఎవరో ఎక్కడో అనుకుంటున్నారు. అంతే. పోలీసులు నిర్ధారించలేదన్న ముక్క ఎవరూ చదవని ఆఖరి వరుసలో ఉంది. పైన హెడింగు, ‘మీ వీధిలోనూ ఉన్నాడేమో చూసుకోండి’ అని. పిల్ల, ఏడుపు, పరిగెత్తే మగవాడు ఉన్న ఫోటో కోసం అల్లుడుగారు పాత గుట్టంతా గాలించి, బాబాయిని తెచ్చి హెడింగు కింద నిలబెట్టింది. ఫోటో వెనక ఏముందో దానికి తెలియదు. దానికి వెనక వైపన్నదే ఇవ్వలేదు కదా.

అక్క పరుగున వెబ్ విభాగానికి వెళ్లింది. అక్కడి పెద్దని అందరూ హెడింగుల మాస్టారనేవాళ్లు. ఒకప్పుడు ఆయన పెట్టిన నాలుగు మాటల హెడింగు కోసమే పేపరు కొనేవాళ్లుండేవారు. ఇప్పుడాయన ఎదురుగా గోడకి ఒక తెర ఉంది. ఏ వార్త ఎంతమంది చూస్తున్నారో అంకెలు దాని మీద పరిగెడుతుంటాయి. ఆ అంకెలు తగ్గితే మాస్టారి ముఖంలో నెత్తురుచుక్క ఉండదు.

"మాస్టారూ, ఆ ఫోటో తీసెయ్యండి. ఆయన మా బాబాయి."

మాస్టారు తెరవైపు చూశాడు. ఆ వార్తే అన్నిటికన్నా పైన ఉంది.

"నిజంగానా అక్కా? అయ్యయ్యో. కానీ నా అంతట నేను మార్చలేను. బాగా నడుస్తున్నవాటి మీద చెయ్యి వెయ్యాలంటే సార్ ఒప్పుకోవాలి."

"ఆయన పిల్లని కాపాడిన మనిషి మాస్టారూ. ఇల్లెక్కడో కింద రాసేశారు. జనం బయల్దేరారు."

"కిందవి నువ్వు చెరిపేస్తున్నావుగా?"

"నేను చెరిపేలోపు చూసినవాళ్ల సంగతేంటి?"

మాస్టారు మళ్లీ తెరవైపే చూశాడు. చెడ్డవాడు కాదు, భయపడ్డవాడు. భయపడ్డవాడు చేసే చెడు చాలాసార్లు చెడ్డవాడు చేసేదానికంటే ఎక్కువే ఉంటుంది. ఎడిటర్ గారు మీటింగులో ఉన్నారు. అక్క తలుపు తోసుకుని వెళ్లింది. ఆ ఆఫీసులో ఆ తలుపు అలా తోసినవాళ్లు అంతకుముందు లేరు. ఎడిటర్ గారు విని, ముఖం చిట్లించి, ఫోను తీసి, మార్చమని చెప్పారు. కాసేపటికి బాబాయి ఉన్నచోట ఒక ఖాళీ ఉయ్యాల బొమ్మ వచ్చింది.

"తీసేశాం కదమ్మా, ఇంకెందుకు కంగారు" అన్నారాయన.

పేపరు రోజుల్లో తప్పు పడితే మర్నాడు అదే పేజీలో సవరణ వేసేవారు. పేపరు కొన్నవాడు సవరణ కూడా కొనేవాడు. ఇప్పుడు ఆఫీసులో తీసేసిన ఫోటో జనం ఫోన్లలో అలాగే ఉంది. ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పోతూనే ఉంది. దాని మీద పత్రిక పేరు కూడా ఉంది, నమ్మకానికి గుర్తుగా.

అక్క ఆటో ఎక్కింది. బాబాయికి ఫోను లేదు. పిన్ని ఫోను మోగి మోగి ఆగిపోయింది. పిన్నికి చెముడు, పైగా మధ్యాహ్నప్పూట పెరట్లో ఉంటుంది. దర్జీకి చేసింది. అతను పక్కింటివాడు, బాబాయి చొక్కాలన్నీ అతనే కుడతాడు. అతనూ ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఆటో ప్రతి మలుపు దగ్గరా ఆగిపోతుంటే అక్కకి దిగి పరిగెత్తాలనిపించింది. కనిపించని దేవుళ్లందరికీ మొక్కింది.

వీధిలోకి వచ్చేసరికి అంతా అయిపోయింది. దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. రోడ్డు మీద చెప్పులు పడి ఉన్నాయి, ఒక్కదానికీ జత లేదు. బాబాయి ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. గోడ మీద ఫోటో ఉండాల్సిన చోట మేకు మాత్రం ఉంది. ఆసుపత్రికి తీసుకెళ్లారని మేడమీంచి ఎవరో చెప్పారు. కిందికి మాత్రం రాలేదు.

ఆసుపత్రి వరండాలో పిన్ని గోడకి జారగిలబడి కూర్చుంది. ఆవిడకి ఏం జరిగిందో ఇంకా సరిగా తెలియదు. ‘బస్సు కింద పడ్డాడా?’ అని అడిగింది. ఆశ పెట్టుకోవద్దని డాక్టరు అప్పటికే చెప్పి వెళ్లాడు. కాస్త దూరంలో దర్జీ నిలబడి ఉన్నాడు. చేతుల్లో పగిలిన ఫ్రేము.

"ఏం జరిగింది?" అంది అక్క.

"ఓ పది పదిహేను మంది వచ్చారక్కా. ఎవరూ మన వీధివాళ్లు కాదు. ఫోన్లో ఫోటో చూపించి ఇది నువ్వేనా అని అడిగారు. ఆయనకి అక్షరాలు కనపడవు కదా. బొమ్మ చూసి నవ్వారు. నేనే, ఇన్నాళ్లకి మళ్లీ వేశారా అన్నారు."

అక్క కళ్లు మూసుకుంది.

"నమ్మరేమో అనుకున్నారో ఏమో, ఆగండి చూపిస్తానని లోపలికెళ్లి ఈ ఫ్రేము తెచ్చారు. చూడండి, అదే ఫోటో కదా అని వాళ్ల చేతికే ఇచ్చారు. అంత సంతోషంగా ఇచ్చారక్కా."

"నువ్వెక్కడున్నావు?"

దర్జీ తల వంచుకున్నాడు. "కొట్లోనే."

"బస్సు కథ నీకు తెలీదా?"

"తెలుసు. వందసార్లు విన్నాను."

"మరి చెప్పలేదేం?"

"నా ఫోనుకి కూడా వచ్చిందక్కా ఆ ఫోటో. పేపర్లో వేశారు కదా, ఇన్నాళ్లూ ఈయన మనకి అబద్ధం చెప్పాడేమో అనిపించింది. ఒక్క నిమిషం అనిపించింది, అంతే. నాకూ చిన్నపిల్లలున్నారు. షట్టర్ దించుకున్నాను."

అతని చెంప పగలగొట్టాలనిపించింది అక్కకి. కానీ ఆ ఒక్క నిమిషం అనుమానాన్ని అతనికి అమ్మింది తన పత్రికే. అక్క ఫ్రేము మాత్రం తీసుకుంది.

లోపల అడుగు పెడుతుండగా ఫోను మోగింది. మాస్టారు.

"అక్కా, అక్కడేదో గొడవైందటగా. మిగతా పేపర్లవాళ్లందరూ ఆ వార్త పెట్టేశారు, మనం కూడా పెట్టాలి. అల్లుడుగారు మళ్లీ అదే ఫోటో తగిలిస్తోంది. ఉంచనా, తీసెయ్యనా?"

అక్క ఫోను కట్టేసింది.

బాబాయి ముఖం గుర్తుపట్టేలా లేదు. ఒక కన్ను మాత్రం కొద్దిగా తెరుచుకుంది. అక్క పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

"అమ్మాయ్" అన్నాడు. మాట ముక్కలుగా వస్తోంది. "మన ఫోటో మళ్లీ వేశారట."

"వేశారు బాబాయ్."

"ఏం రాశారు?"

ఆయన్ని ఎందుకు కొట్టారో ఆయనకి తెలియదని అక్కకి అప్పుడర్థమైంది. ఎవడో తప్పతాగి కొట్టాడనుకున్నాడో, మరేమనుకున్నాడో. పేపర్లో తన గురించి మంచే రాసి ఉంటారన్న నమ్మకం మాత్రం చెక్కుచెదరలేదు. అక్క గాజుపెంకులు జాగ్రత్తగా తప్పించి, వెనకున్న అట్ట ఊడదీసి, ఫోటోని బయటికి లాగింది. తిప్పింది. ఇన్నాళ్లూ గోడవైపు తిరిగి ఉన్న రాత, తన చేతిరాతే, పెన్సిల్‌తో రాసింది, ఇంకా చెరిగిపోలేదు.

"మంటల్లో చిక్కుకున్న బస్సు నుంచి," అని చదివింది, "ప్రయాణికులందరినీ దింపి, చివరగా పసిపాపతో బయటికి వస్తున్న డ్రైవరు. పాప క్షేమం."

"పాప క్షేమం అని రాశారా?"

"రాశారు బాబాయ్."

"అది రాయాలి" అన్నాడు. కాసేపాగి, "మళ్లీ చదువమ్మా" అన్నాడు.

అక్క కళ్లు తుడుచుకుని, ఫోటోని వెలుతురుకి పట్టుకుని, మళ్లీ మొదటినుంచి చదివింది. రెండోసారి పాప దాకా వచ్చేసరికి వినడానికి బాబాయి లేడు.