వెచ్చటి బూడిద

గంప మీది రాయిని రెండు చేతులతో ఎత్తి పక్కన పెట్టాడు బసవపున్నయ్య. రాత్రి కురిసిన మంచుకు రాయి తడిసి ఉంది. గంపనూ, దాన్ని ఆనుకుని ఉన్న డాల్డా డబ్బానూ కలిపి కప్పిన గోనెసంచిని లాగబోయి ఆగాడు. డబ్బా మూత ఉన్నచోట సంచి గుండ్రంగా లోపలికి నొక్కుకుపోయి ఉంది. ఆ గుంటలో నాలుగు వెంట్రుకలు, బూడిదరంగువి.

మళ్ళీ వచ్చింది.

సంచి తీసి గంప ఎత్తాడు. ఎర్రకోడి రెక్కలు విదిలించుకుంటూ లేచింది. దాని కింద నుంచి పిల్లలు ఒకదాని మీద ఒకటి పడుతూ బయటికొచ్చాయి. ఒకటి మాత్రం గంప అంచు దగ్గర కదలకుండా ఉండిపోయింది. దాన్ని అరచేతిలోకి తీసుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా బూడిదతో, ఇసుకతో, చన్నీళ్ళతో గిన్నెలు తోమిన వేళ్ళవి. చర్మం మొద్దుబారి, గీతలన్నీ అరిగిపోయాయి. మెత్తనిదేదో గరుకుదేదో వాటికి తెలియదు. అందుకే మెత్తటి వస్తువు ఏది దొరికినా చెంపకు ఆనించుకుని చూడటం అతని అలవాటు. పిల్లను చెంపకు ఆనించుకున్నాడు. మెత్తగానే ఉంది. రాయిలా చల్లగా ఉంది.

"ఎన్ని?" గుమ్మంలో నుంచి అడిగింది సామ్రాజ్యం.

"ఒకటి."

రెండు స్వెట్టర్లు వేసుకుని, పైన శాలువా చుట్టుకుని ఉంది ఆమె. పై స్వెట్టరు మిలిటరీవాళ్ళు వాడి పారేసిన ఆకుపచ్చది, మోచేతుల దగ్గర గుడ్డ అతుకులు వేసినది. మాట్లాడబోతే దగ్గు వచ్చింది. తలుపు పట్టుకుని అది తగ్గేదాకా ఆగింది. గొంతులో పిల్లనగ్రోవి ఊదినట్టు సన్నటి చప్పుడు.

"ముదనష్టపు పిల్లి! తుమ్మకంప చుట్టావు, దాటుకుని వచ్చింది. కారం నీళ్ళు చల్లావు, తుమ్ముకుంటా వచ్చింది. ధౌలా కువా దాకా మోసుకెళ్ళి వదిలావు. నీకంటే ముందు ఇంటికొచ్చి కూర్చుంది."

"చంపమంటావా ఏంది? పిల్లిని చంపితే బంగారంతో పిల్లిని చేయించి కాశీలో దానం ఇయ్యాలంట."

"నీ జీతానికి ఇత్తడి తోక కూడా రాదులే."

అతనికి నవ్వొచ్చింది. చనిపోయిన పిల్లను ప్రహరీ పక్కనున్న వేపచెట్టు కింద పెట్టి, సాయంత్రం వచ్చి పూడ్చుదామని పైన ఒక మూకుడు బోర్లించాడు.

"కిరణ్‌కుమార్ ఇయ్యాల సాయంత్రం వస్తానన్నాడు. ఏం చెప్పమంటావు?" అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

కిరణ్‌కుమార్ తెనాలి కుర్రాడు, బసవపున్నయ్య పనిచేసే ఢిల్లీ కంటోన్మెంటులోనే జవాను. రేపు సాయంత్రం జీటీ ఎక్స్‌ప్రెస్‌లో సెలవు మీద వెళుతున్నాడు. సామ్రాజ్యాన్ని తోడు తీసుకెళ్ళి ఆమె అక్క ఇంట్లో దింపుతాననీ, ఈ సాయంత్రంలోగా చెబితే సీటు సంగతి తానే చూసుకుంటాననీ అన్నాడు. ఆస్పత్రిలో డాక్టరమ్మ దీపావళి అప్పుడే చెప్పింది, ఈ చలి ఆమె ఊపిరితిత్తులకు మంచిది కాదని. ఇంట్లో కోడి ఈకల నూగు కూడా పడకూడదంది. ఆ రోజు నుంచే కోళ్ళు గదిలోంచి పెరట్లోకి వచ్చాయి.

"ఈ పిల్లి సంగతి తేలనియ్. నా కోళ్ళని దాని నోట్లో పెట్టి నేను పోయి మా అక్క పంచన ఎండ కాగుతా కూర్చోనా?" అంది సామ్రాజ్యం.

"అదీ నిజమేలే," అన్నాడు. ఆ మాట అంటుంటే గుండెల్లో బరువేదో దిగినట్టయింది. పెళ్ళయిన నాటి నుంచి ఆమె వడ్డించకుండా అతను రాత్రి అన్నం తిన్నది లేదు. "ఇయ్యాల తేలుస్తా."

కోళ్ళంటే సామ్రాజ్యానికి మామూలు కోళ్ళు కావు. ఆరేళ్ళ కిందట భర్తతో కలిసి పుట్టింటి నుంచి వస్తూ ఒక పెట్టనూ, ఈ వెదురు గంపనూ రైల్లో కాళ్ళ మధ్య పెట్టుకుని తెచ్చింది. ఆ పెట్ట పోయింది. దాని పిల్ల ఈ ఎర్రకోడి. దీని పిల్లలు ఇప్పుడు ఈ ఐదు. అతను పనికి పోయాక పొద్దస్తమానం ఆమె మాట్లాడేది వాటితోనే. చుట్టుపక్కల ఆడవాళ్ళ హిందీ ఆమెకు అర్థమవుతుంది గానీ, దానితో దెబ్బలాడటం రాదు. కోళ్ళతోనైతే ఎంతసేపైనా దెబ్బలాడగలదు.

మెస్‌లో గిన్నెలు తోమే పని బసవపున్నయ్యది. కాగితాల మీద దాని పేరు మసాల్చీ. వాళ్ళ తాలూకా నుంచి వచ్చిన ఒక మేజరుగారి వెంట పద్దెనిమిదో ఏట ఢిల్లీ వచ్చాడు. మేజరుగారు బదిలీ అయిపోతూ ఇతన్ని మెస్‌లో పెట్టి వెళ్ళారు. తనతోపాటు చేరినవాళ్ళు వడ్డించే పనికి, అక్కడి నుంచి స్టోరుకు వెళ్ళారు. ఇతన్ని కూడా ఒకసారి తెల్లకోటు వేసి బల్లల దగ్గరికి పంపారు. పగిలిన వేళ్ళతో ప్లేటు పట్టుకుంటే చూడటానికి బాగాలేదని మర్నాడే తొట్టి దగ్గరికి పంపేశారు. అతనికి పెద్దగా బాధ కలగలేదు. కోటు భుజాల దగ్గర బిగుతుగా ఉండిందని మాత్రం సామ్రాజ్యంతో చెప్పాడు.

ఆ రోజు పొగమంచు మధ్యాహ్నమైనా విడలేదు. పాలం విమానాశ్రయంలో దిగే విమానాల చప్పుడే తప్ప విమానాలు కనపడలేదు. తొట్టిలో నీళ్ళు వేళ్ళను కోసేస్తున్నాయి. బసవపున్నయ్య పెద్ద డేగిసాలో సగం శరీరం దూర్చి అడుగు మాడును గీకుతుంటే, వంటవాడు బిష్ట్ బీడీ వెలిగించుకుని వచ్చి పక్కన నిలబడ్డాడు. గఢ్వాల్ కొండల మనిషి. పున్నయ్య అనే పేరును ఇరవై ఏళ్ళుగా పున్నా అనే పిలుస్తున్నాడు.

"క్యా పున్నా, బిల్లీ ఫిర్ ఆయీ?" పిల్లి మళ్ళీ వచ్చిందా అని అడిగాడు.

"ఆయీ, భయ్యా. ఏక్ బచ్చా గయా." ఒక పిల్ల పోయిందని చెప్పాడు బసవపున్నయ్య.

"వాహ్! చారోం తరఫ్ ఫౌజ్, ఔర్ ఏక్ బిల్లీ నహీఁ రుక్తీ!" చుట్టూ ఇంత సైన్యం ఉండి ఒక్క పిల్లిని ఆపలేకపోయారని బిష్ట్ పొగ వదులుతూ నవ్వాడు. నవ్వి, వెళ్ళి ఒక చేప తల కాగితంలో చుట్టి తెచ్చిచ్చాడు. ఖాళీ పాల డబ్బాలు తీసుకుని సాయంత్రం ఘాజియాబాద్ పోయే వ్యానులో పిల్లిని ఎక్కించే ఏర్పాటు కూడా అతనే చేశాడు. యమున దాటిన పిల్లి తిరిగి రాదని వ్యాను డ్రైవరు హామీ ఇచ్చాడట.

పని అయ్యాక రోజూలాగే బసవపున్నయ్య పొయ్యి దగ్గరికి వెళ్ళాడు. డాల్డా డబ్బా అడుగున నాలుగు బొగ్గు నిప్పులు వేసి, మీద నిండా బూడిద పోసి, మేకుతో చిల్లులు పొడిచిన మూత బిగించాడు. చలి మొదలైనప్పటి నుంచీ ఇదే పద్ధతి. ఊళ్ళో కోళ్ళకు గంప చాలు, దాని మీద ఒక రాయి చాలు. చలి కోసం కోళ్ళకు ఏదో చెయ్యాలని అతనికి ఇక్కడికొచ్చాకే తెలిసింది. తెల్లవారేసరికి నిప్పు ఆరినా బూడిద ఇంకా గోరువెచ్చగానే ఉంటుంది.

ఇంటికెళ్ళగానే డబ్బా ముందుగా గదిలోకి వెళుతుంది. సామ్రాజ్యం మంచం మీద కూర్చుని రెండు పాదాలూ డబ్బా పక్కలకు ఆనించుకుంటుంది. కాసేపట్లోనే కాలితో ముందుకు నెట్టేస్తుంది. ఆ రోజూ అంతే చేసింది.

"ఇంక తీసుకుపో. నా కాళ్ళకే అయిపోతే పిల్లలకేం మిగులుద్ది?"

"ఇంకాసేపు పెట్టుకో."

"తీసుకుపో అంటంటే."

గంప దగ్గర డబ్బా పెట్టాడు. కోడినీ పిల్లలనూ గంపతో కమ్మి, గోనె కప్పి, గంప మీద రాయి పెట్టాడు. రెండడుగుల దూరంలో ఇంకో సంచిని నోరు తెరిచి పరిచి, లోపల చేప తల పెట్టాడు. తలుపు చాటున నిలబడ్డాడు. వెనక సామ్రాజ్యం దగ్గు రాకుండా శాలువా నోటికి అడ్డం పెట్టుకుంది.

చీకటి పడుతుండగా పిల్లి గోడ దిగింది. బక్కగా ఉంది. ఒక చెవి కొస చిరిగి ఉంది. సంచి దగ్గరికి వచ్చి చేప తలను ఒకసారి వాసన చూసింది. తర్వాత దాన్ని అక్కడే వదిలేసి గంప వైపు నడిచింది. గంపలో పిల్లలు కిచకిచమన్నాయి. పిల్లి వాటి వైపు తల కూడా తిప్పలేదు. డబ్బా మీదికెక్కి, గోనెలో తన గుంట వెతుక్కుని, రెండుసార్లు చుట్టూ తిరిగి, ముక్కును తోక కింద దాచుకుని పడుకుంది.

బసవపున్నయ్య అక్కడే నిలబడిపోయాడు.

"పట్టుకో, ఏం చూస్తన్నావు?" గుసగుసగా అంది సామ్రాజ్యం.

వెళ్ళి గోనె పక్కకు తీసి, డబ్బాను రెండో సంచిలో పెట్టాడు. కిందికి దూకిన పిల్లి పారిపోలేదు. డబ్బా వెంట తనే సంచిలోకి దూరింది. బసవపున్నయ్య చేప తలను తీసి గోడ మీద పెట్టి, సంచి మూతి వదులుగా కట్టి, గుండెలకు ఆనించుకుని గేటు వైపు నడిచాడు.

దారి దీపాలు పొగమంచులో పసుపు మరకల్లా ఉన్నాయి. సంచిలో నుంచి వెచ్చదనం చొక్కా దాటి ఛాతీకి తగులుతోంది. దానితోపాటు సన్నటి గురగుర. నడుస్తుంటే తెల్లవారుజామున చెంపకు తగిలిన కోడిపిల్ల గుర్తొచ్చింది. నూగు చెదరలేదు. తడి లేదు. నెత్తురు లేదు. పిల్లి పట్టిన పిల్ల అట్లా ఉండదు. అసలు పిల్లి పట్టిన పిల్ల మిగలదు. డబ్బాకు దూరంగా, గంప అవతలి అంచున పడి ఉంది అది. కాలితో డబ్బాను ముందుకు నెట్టిన సామ్రాజ్యం పాదాలు గుర్తొచ్చాయి. గేటు దగ్గర ఆగిపోయాడు.

త్వరగా తెమ్మంటూ వ్యాను డ్రైవరు హారన్ కొట్టాడు. "లావో భాయ్, జల్దీ!"

బసవపున్నయ్య తల అడ్డంగా ఊపి వెనక్కి తిరిగాడు.

ఇంటికొచ్చేసరికి సామ్రాజ్యం గుమ్మంలోనే కూర్చుని ఉంది. సంచి చూసి కాస్త పక్కకు జరిగింది. అతను దాన్ని ఆమె పక్కన దింపి మూతి విప్పాడు. పిల్లి కళ్ళు తెరిచి చూసి మళ్ళీ మూసుకుంది.

"ఇది కోళ్ళ కోసం రావట్లా, సామ్రాజ్యం. డబ్బా కోసం వస్తంది."

ఆమె శాలువాను దగ్గరికి లాక్కుంది.

"పిల్లను ఇది చంపలా. చలికి పోయింది."

"నాకు తెలుసు," అంది సామ్రాజ్యం మెల్లగా. "పొద్దున నువ్వు పోయినాక మూకుడు ఎత్తి చూశా. మెడ మీద గాటు లేదు."

"మరి చెప్పలేదే?"

"చెబితే నన్ను ఊరికి పంపించేస్తావుగా."

అతను పక్కన కూలబడ్డాడు. తనకూ పొద్దునే తెలిసి ఉండాలి. చెంప చెప్పింది. తాను వినలేదు. తప్పంతా మోసిన పిల్లి సంచిలో నిద్రపోతోంది.

"చలి పోయిందాకా ఊళ్ళో ఉండు," అన్నాడు చివరికి.

"నువ్వో?"

"నాకేంది. మెస్‌లో తింటా."

"మెస్‌లో నీకు చారు పోసేదెవరు? ఆ బిష్టా?" అంది. నవ్వబోతే దగ్గు వచ్చింది. అతను వీపు మీద చెయ్యి వేశాడు. రెండు స్వెట్టర్ల మీద నుంచి కూడా ఎముకలు తెలిశాయి, ఆ వేళ్ళకు సైతం.

కిరణ్‌కుమార్ వచ్చి గుమ్మం ముందు సైకిలు ఆపాడు. "ఏం బాబాయ్, పిన్ని వస్తన్నట్టా లేనట్టా?"

"వస్తంది," అన్నాడు బసవపున్నయ్య.

"నాతో గంప కూడా వస్తది, చెబుతున్నా," అంది సామ్రాజ్యం.

"గంపేంది పిన్నీ! కోళ్ళా? టీటీ పట్టుకుంటే?"

"బాలింత కూరకని చెబుతా."

"బాలింత ఎవరంటే?"

"నువ్వేనని చెబుతా, పో!"

మర్నాడు సాయంత్రం స్టేషనులో గంపను గోనెతో కప్పి, చుట్టూ తాడు కట్టి, సీటు కిందికి నెట్టాడు బసవపున్నయ్య. లోపల కోడి ఒకసారి కొక్కొక్ మని ఊరుకుంది. సామ్రాజ్యం ఒంటి మీద ఒక్క స్వెట్టరే ఉంది.

"రెండోది ఏదే? బండిలో చలి చంపుద్ది."

"నాగపూరు దాటితే ఇది కూడా తీసేస్తా. ఊళ్ళో దానితో పనేముంది?" కిటికీ చువ్వల మధ్య నుంచి అతని వేళ్ళు పట్టుకుంది. "వాజిలీను రాసుకో. నేను లేనని డబ్బా తేవటం మానమాకు. అది వచ్చి కూర్చుంటది."

"తెస్తాలే."

బండి కదిలింది. వేళ్ళు ఎప్పుడు విడిపోయాయో అతని వేళ్ళకు తెలియలేదు. చెయ్యి ఖాళీగా కనిపించాకే తెలిసింది.

ఇంటికొచ్చి, గది తలుపు తీయకుండా ముందు పెరట్లోకి వెళ్ళాడు. గంప ఉన్నచోట నేల మీద గుండ్రటి గీత, అందులో రెండు మూడు ఈకలు. మధ్యాహ్నమే తెచ్చిచ్చిన డబ్బాను సామ్రాజ్యం బయలుదేరే ముందు గోడ వారగా జరిపినట్టుంది. గోనె గంపతో పోయింది కదా, డబ్బా మీద తన ఆకుపచ్చ స్వెట్టరు పరిచి వెళ్ళింది. అతని అడుగుల చప్పుడుకు పిల్లి లేచి, ఒళ్ళు విరుచుకుని, గోడెక్కి కూర్చుంది.

బసవపున్నయ్య గొంతుక్కూర్చున్నాడు. వేళ్ళతో తెలియదు కనుక వంగి చెంప ఆనించాడు. మోచేతుల దగ్గర అతుకులు వేసిన ఆ స్వెట్టరు, రెండు చేతులూ డబ్బా చుట్టూ తిప్పి ముడివేసి ఉంది. నడుమ చిన్న గుంట, ఇంకా వెచ్చగా.