ఇనుప ఉయ్యాల

యుద్ధం ముగిసిన మరుసటి ఎండాకాలం మునిసిపాలిటీకి ఉన్నట్టుండి మా పిల్లల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. మునిసిపాలిటీ అంటే చెత్తబండి, ఇంటిపన్ను తప్ప మరేమీ తెలియని వీధి మాది. అలాంటిది, బడులకు సెలవులున్నన్నాళ్ళూ కబ్బన్‌పేట దగ్గరి పార్కులో పిల్లలకు ఊరికే ఆటలు నేర్పిస్తామని దండోరా వేయించారు. మగపిల్లలకు పొద్దున, ఆడపిల్లలకు సాయంత్రం. తాడాట, కోలాటం, ఇసుక గుంత, అన్నిటినీ మించి ఒక ఇనుప ఉయ్యాల.

ఆడపిల్లల ఆటలకు పెట్టిన టీచరమ్మ నా కూతురు అనసూయ. వాళ్ళ నాయన మగ్గం మీదే పోయాడు. ఆ తరువాత నేను ఊళ్ళోవాళ్ళకు నూలు కండెలు చుట్టిపెట్టి దాన్ని చదివించాను. మామూలు రోజుల్లో బడిలో పాఠాలు చెప్పేది, ఆ సెలవుల్లో పార్కుకు పోయింది. పెళ్ళి చేయాల్సిన పిల్లను ఉయ్యాలలు ఊపడానికి పంపుతోంది రత్నమ్మ అని వీధిలో గుసగుసలు పోయారు. ఆ నోళ్ళు మూయించడానికి నేను కూడా రోజూ దానితో పోయి పార్కులో రాతిబల్ల మీద కూర్చునేదాన్ని. ఎండలో కూర్చోవడం నాకేమీ సరదా కాదు.

మా ఎదురింటి నేతగాడు వెంకటేశప్ప. అతని భార్య భాగీరథమ్మ, పెద్దబిడ్డ ఏడేళ్ళ కెంపమ్మ. అందరూ కెంపి అనేవాళ్ళు. పిల్ల పిడికెడు, నోరు మాత్రం ఊరంత. ఉయ్యాల దగ్గర వరుసలో నిలబడినంతసేపూ వెనక్కి తిరిగి ఏదో ఒకటి చెబుతూనే ఉండేది. బాగా పైకి ఊగితే పార్కు గోడ అవతల తమ ఇంటి పెంకులు కనిపిస్తాయని ఎవరో దానికి చెప్పారు. సొంత ఇంటి పెంకులు చూడటానికి ఇంత ఆరాటమేమిటే అంటే, "కింద నుంచి ఎవురైనా చూస్తారు రత్నత్తా, పైనుంచి చూడాల" అంది నాతో. ఒక సాయంత్రం వరుసలో దాని ముందు ఇంకొక్క పిల్లే మిగిలింది. అంతలో మామిడి వాన విరుచుకుపడింది. పిల్లలంతా కొంగులూ చేతులూ నెత్తిన పెట్టుకుని పరుగులు తీశారు. కెంపి తడుస్తూ అక్కడే నిలబడితే నేనే చెవి పట్టుకుని ఇంటికి లాక్కొచ్చాను.

తెల్లారి దానికి జ్వరం. ఇంకో రెండు రోజులకు వాళ్ళ గుమ్మానికి వేపమండలు కట్టారు. ఇక ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పనక్కరలేదు. అమ్మవారు ఇంట్లోకి వచ్చిందని ఆ మండలే చెబుతాయి. ఇంట్లో తాళింపు ఆగిపోయింది, మగ్గం చప్పుడు ఆగిపోయింది, వెంకటేశప్ప గడ్డం గీసుకోవడం మానేశాడు. పడుకున్న బిడ్డను పేరు పెట్టి పిలవకూడదు, తల్లీ అనాలి. ఆ బిడ్డ నోటి నుంచి ఏ మాట వచ్చినా అది అమ్మవారి మాట. ఏది అడిగినా అమ్మవారే అడిగినట్టు. కాదనకూడదు.

ఇదంతా నాకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. చిన్నప్పుడు నా మీదికీ వచ్చింది. ముఖం నిండా గుంటలు పెట్టి, ప్రాణం మాత్రం వదిలి పోయింది. ఒళ్ళంతా మంటలు పుడుతుంటే నేను మజ్జిగ అడిగాను. మా అమ్మ మజ్జిగ తెచ్చి, నా కాళ్ళ దగ్గర పెట్టి, నాకు దండం పెట్టింది. ఎత్తుకుంటుందనుకుంటే దండం పెట్టిందే అని నాకు ఎంత భయం వేసిందో ఇప్పటికీ చెప్పలేను.

పిల్లలు ఇంకా రాని వేళ, మధ్యాహ్నపుటెండలో భాగీరథమ్మ పార్కు గేటు దగ్గరికి వచ్చింది. లోపలికి రాలేదు. తలకు నూనె లేదు, కళ్ళు గుంటలు పడి ఉన్నాయి.

"అమ్మణ్ణీ, అమ్మోరు ఉయ్యాల అడగతా ఉండాది" అంది అనసూయతో.

"ఇంట్లోనే కట్టండక్కా."

"కడితిమి. దూలానికి నా పెండ్లి పట్టుచీర కడితిమి. అది కాదంట. ఈ ఇనప ఉయ్యాలే కావాలంట. ఎర్రగాజులు అడిగితే తొడిగితిమి. ఖర్జూరం అడిగితే మా ఇంటాయన చిక్కపేట అంతా తిరిగి తెచ్చినాడు. ఇదొక్కటే ఇయ్యలేదు. ఇయ్యకపోతే బిడ్డను ఎత్తుకొని పోతాది అంటా ఉండాది మా అత్త."

అనసూయ గేటు కమ్మీలు పట్టుకుని నిలబడింది. "ఆ గొలుసులు మన వీధి పిల్లలంతా పట్టుకుంటారక్కా. సగం మందికి టీకాలు లేవు. ఒక్కరి నుంచి ఎంతమందికి అంటుకుంటాదో నువ్వే ఆలోచన చెయ్యి."

"అమ్మోరికే లేదంటావా?"

"లేదనే అంటా ఉండాను."

భాగీరథమ్మ గొడవ పెట్టుకోలేదు, శాపనార్థాలూ పెట్టలేదు. తల వంచుకుని వెళ్ళిపోయింది. ఆ రాత్రి నా కూతురు ముద్ద ముట్టలేదు. మంచి పని చేసినవాళ్ళు తిండి ఎందుకు మానాలో నాకు తెలియదు కానీ, నాకూ గొంతు దిగలేదు.

మరునాడు భాగీరథమ్మ అత్త వీధిలో చాటింపు వేసింది. అందరూ ఆమెను దొడ్డమ్మ అంటారు, ఆమె మాటకు వీధిలో ఎదురు లేదు. శుక్రవారం సాయంత్రం పలకలు మోగిస్తూ అమ్మవారిని ఊరేగింపుగా పార్కుకు తీసుకుపోయి ఉయ్యాల ఊపుతామని, బిడ్డలు గలవాళ్ళంతా వచ్చి ఆ పాదాలకు బిడ్డల తల తాకించుకోవాలని, వేపాకు ప్రసాదం తీసుకోవాలని. వీధిలో ఆడవాళ్ళు అప్పుడే వాకిళ్ళు కడగడం మొదలుపెట్టారు. ఒక్కరికీ భయం లేదు. అందరిలోనూ భక్తే.

అనసూయ చెప్పులు వేసుకుంది. ఎక్కడికే అంటే ఆరోగ్యశాఖ ఆఫీసుకు అంది. అది ఒక్క మాట చెబితే చాలు. బండి వస్తుంది, బిడ్డను ఊరవతల అంటురోగాల ఆసుపత్రికి తీసుకుపోతారు, తల్లిని గేటు బయటే నిలబెడతారు. ఆ తరువాత మేము ఈ వీధిలో బతకగలమా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. అడ్డం మాత్రం నిలబడ్డాను.

"చెప్పు, నీ ఇష్టం. కానీ ఆ బిడ్డ భయపడతా ఉంటాది. అది తెలుసుకొని చెప్పు" అన్నాను. ఎన్నడూ చెప్పని నా మజ్జిగ సంగతి అప్పుడు దానికి చెప్పాను. అది వింటూ వింటూ గడపమీద కూలబడి, కాసేపటికి చెప్పులు విప్పేసింది. "అయితే అడిగింది నువ్వేనా అమ్మా?" అంది. "ఇంకెవరే, దాహం నాది కాదా" అన్నాను. అప్పుడు లేచి ఎదురింటికి నడిచింది. వెనకాలే నేనూ పోయాను.

వాకిట్లోనే నిలబడి మాట్లాడింది. శుక్రవారం చీకటితోనే, ఎవరూ లేవక ముందే రమ్మంది. పలకలు వద్దు, జనం వద్దు, తల్లీ బిడ్డా వస్తే చాలు, పార్కు తాళం తన దగ్గరే ఉంది. ఆ తరువాత ఆ ఉయ్యాల ఇంకెవరూ ఎక్కరు, ఆ పూచీ తనది.

దొడ్డమ్మ గడప మీద కూర్చుని ఉంది. "మారెమ్మ తల్లి దొంగతనంగా వస్తాదా? ఎవురింటి మొగుడు చూస్తాడని ముసుగేసుకొని రావాల?" అంది. గొంతు పెంచలేదు. "ఇంగ్లీషు చదివిన పిల్లవు. నువ్వు లేదన్నా, రమ్మన్నా మాకు ఒకటే. పలకలు లేకండా మా ఇంటి అమ్మోరు కదలదు."

భాగీరథమ్మ అత్త వెనక నిలబడి అంతా విన్నది. ఇక మా పని అయిపోయింది అనుకున్నాను.

శుక్రవారం కోడి కూయక ముందు మా తలుపు చప్పుడైంది. భాగీరథమ్మ. భుజం మీద పసుపు గుడ్డ చుట్టిన మూట. ఆ మూటలోంచి ఒక చిన్న కాలు వేలాడుతూ ఉంది. అత్త నిద్రపోతోందా, మొగుడికి చెప్పిందా అని నేను అడగలేదు. బిడ్డను నేను అందుకున్నాను. ఒకసారి వచ్చినవాళ్ళ మీదికి అమ్మవారు మళ్ళీ రాదు, అందుకు నా ముఖమే సాక్ష్యం. మూట నిప్పులా కాలుతోంది. ముఖంలో కెంపిని పోల్చుకోవడానికి లేదు.

అనసూయ పార్కు గేటు తాళం తీసింది. బిడ్డ తనంతట కూర్చోలేదు కాబట్టి భాగీరథమ్మే ఉయ్యాల చెక్క మీద కూర్చుని ఒళ్ళో పెట్టుకుంది. నేను వెనక నుంచి ఊపాను. మొదట భయంగా, మెల్లగా ఊపాను. మూట లోపలి నుంచి పీలగా ఒక గొంతు వచ్చింది.

"ఇంకా పైకి, రత్నత్తా."

అమ్మవారు నన్ను రత్నత్తా అంటుందా? రెండు చేతులతో బలంగా తోశాను. గొలుసులు కిర్రుమన్నాయి. తూర్పున అప్పుడే తెల్లవారుతోంది. గోడ అవతల ఇళ్ళ కప్పులు ఒక్కొక్కటే మసకగా తేలుతున్నాయి. పైకి పోయినప్పుడు ఆ బిడ్డ వాచిన కళ్ళు తెరిచిందో, ఊరికే తెరిచాననుకుందో తెలియదు. నవ్వింది. ఎప్పుడూ వరుసలో నిలబడి నవ్వే నవ్వే అది.

"పెంకులు" అంది.

"అవును కెంపీ, మన పెంకులే" అంది భాగీరథమ్మ.

పేరు పెట్టి పిలిచింది. అనసూయ నా వైపు చూసింది. నేను ఊపుతూనే ఉన్నాను.

పొద్దు పొడవక ముందే వాళ్ళు ఇంటికి చేరారు. అనసూయ గొలుసుల మీద మరిగిన నీళ్ళు పోసింది, ఫినాయిలు పోసింది, చెక్క విప్పి మూలకు తీసుకుపోయి కాల్చేసింది. ఆఫీసులో ఏం చెప్పుకుందో నాకు తెలియదు. సాయంత్రం వచ్చిన పిల్లలు ఉయ్యాల లేదని అనసూయను తిట్టిపోశారు. అమ్మవారు అడిగింది ఇచ్చేశారని వీధికి తెలిసి ఊరేగింపు ఆగిపోయింది. దొడ్డమ్మ కోడలితో మాట్లాడటం మానేసింది.

ఆదివారం కెంపి పోయింది.

అమ్మవారు తీసుకుపోయిన బిడ్డ కోసం మాలో ఏడవరు. ఏడిస్తే అమ్మవారు అలిగి ఇంట్లో ఇంకో బిడ్డ మీదికి వస్తుందంటారు. భాగీరథమ్మకు ఇంకా పాలు తాగే కొడుకున్నాడు. కాబట్టి ఆమె ఏడవలేదు. గుమ్మం మీది వేపమండలు తీశారు, ఇల్లు పేడతో అలికారు, వెంకటేశప్ప మళ్ళీ మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గుంతలోకి దిగాడు. పలకలు లేకుండా దొంగలాగా తీసుకుపోయినందుకే అమ్మవారు బిడ్డను వదలలేదని కొళాయి దగ్గర ఆడవాళ్ళు భాగీరథమ్మకు వినపడేలాగే అనుకునేవాళ్ళు. అక్కడే బిందె తోముకుంటూ విని, నీళ్ళు పట్టుకుని ఆమె ఇంటికి పోయేది. నేను ఆ ఆడవాళ్ళతో రెండుసార్లు తగాదా పడ్డాను. లాభం లేకపోయింది.

సెలవులు అయిపోవచ్చాయి. ఒక మధ్యాహ్నం, పిల్లలు రాక ముందు, భాగీరథమ్మ మళ్ళీ పార్కుకు వచ్చింది. ఈసారి లోపలికే వచ్చి, చెక్క లేని గొలుసుల ముందు నిలబడింది. చంకలో చంటివాడు. మేమిద్దరం దగ్గరికి పోయాం.

"ఆ పొద్దు నగింది అమ్మోరు కాదు, రత్నక్కా. నా బిడ్డ నగు నాకు తెలీదా? ఉయ్యాల అడిగింది కెంపే. గాజులడిగింది కెంపే. నేను దానికి దండాలు పెడతా కూర్చొంటిని" అంది.

ఆమె అనసూయ వైపు తిరిగింది.

"ఆసుపత్రికి తోలుకొని పోయుంటే బతికేదా అమ్మణ్ణీ? ఉన్నది ఉన్నట్ల చెప్పు."

"తెలీదక్కా. వచ్చినాక దానికి మందు వాళ్ళ దగ్గర కూడా లేదు. ముందే టీకా వేయించుంటే..." అంటూ నా కూతురు నాలుక కరుచుకుంది. దాని చెంప పగలగొట్టాలనిపించింది నాకు. చదువుకున్న పిల్లకు ఎక్కడ ఆపాలో ఆ మాత్రం తెలియవద్దా?

భాగీరథమ్మ ఒక గొలుసు పట్టుకుంది.

"టీకాలోళ్ళు వచ్చిన పొద్దు మా అత్త దాన్ని మగ్గం గుంతలో కూర్చోబెట్టింది. ఊపిరాడటం లేదమ్మా అని లోపల నుంచి అంటా ఉండింది. సద్దు చేయొద్దే అని నేనే పైన చెక్కలు కప్పితిని" అంది.

అన్నాక చంటివాణ్ణి నా చేతికిచ్చి, కింద ఇసుకలో కూర్చుంది. కెంపీ అని పిలిచింది. మళ్ళీ పిలిచింది. ఆ తరువాత గొంతెత్తి ఏడ్చింది. అమ్మవారు తీసుకుపోయిన బిడ్డ కోసం మా వీధిలో ఏ తల్లీ అలా ఏడవగా నేను వినలేదు. అనసూయ ఆమె పక్కనే ఇసుకలో కూర్చుంది. నేను చంటివాణ్ణి ఎత్తుకుని పోయి గేటు వేశాను. అప్పుడే వస్తున్న పిల్లలను, ఈ పొద్దు ఆటలు లేవు, ఇళ్ళకు పోండి అని పంపేశాను.