ఆడ మార్కరు

మా అత్తమ్మ సక్కుబాయి పిడకలు కొట్టే గోడ, నేను టెన్నిస్ బంతి కొట్టే గోడ ఒకటే కావడంతో ఆ పొద్దున తగవు మొదలైంది.

పుప్పాలగూడలో మా ఇంటికి గోడల కొరత లేదు. కాని ఎండ బాగా తగిలేది, ముందర నేల చదునుగా ఉండేది పశువుల కొట్టం గోడ ఒక్కటే. నేను కాపురానికి వచ్చిన కొత్తలోనే ఒప్పందం జరిగింది: గోడంతా పిడకలకు, మధ్యలో చాటంత జాగా నా బంతికి. ఆ రోజు ఆ జాగాలో కూడా పిడకలు వెలిశాయి. నా బంతి తగిలి ఊడి పడ్డాయి.

"ఏందమ్మా గిది? పెట్టినయి పెట్టినట్టే రాలగొడ్తున్నవు," అంది అత్తమ్మ.

"నా జాగల మీరే పెట్టిండ్రు గద అత్తమ్మా. వచ్చే నెల పోటీలున్నయి."

"పోయినేడు సుత ఉండె. పొద్దుగాల పోయి బువ్వ యాళ్ళకు ఇంటికొస్తివి."

"మొదటి ఆట ఓడితే ఇంటికే వస్తరు."

"గందుకే అంటున్న. గా ఒక్క ఆటకు గింత గోడెందుకు?"

కాలేజీలో చదువుకున్నదాన్ని కనుక, హుందాగా బంతికి అంటిన పేడ కడుక్కోవడానికి లోపలికి వెళ్ళాను.

నా టెన్నిస్ చరిత్ర ఇక్కడే చెప్పేస్తాను, ఎక్కువసేపు పట్టదు. పట్నంలో ఆడపిల్లల కాలేజీలో చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకొని ఆడటం నేర్చుకున్నాను. పెళ్ళయ్యాక కూడా ఏటా రాష్ట్రం పోటీలకు పేరిచ్చాను, ఏటా మొదటి ఆటలోనే ఓడాను. ఒక్కసారి మాత్రం రెండో ఆట దాకా వెళ్ళాను. ఎదుటి అమ్మాయికి మలేరియా వచ్చింది. మా మామయ్య వెంకటనారాయణగారు ఊరి పట్వారీ. నేను గెలిచిన సంగతి చావడిలో చెప్పి బెల్లం పంచారు. మలేరియా సంగతి చెప్పలేదు. అప్పటి నుంచి ఊళ్ళో నేను చాంపియన్‌ని. బావి దగ్గరికి వెళితే ఆడవాళ్ళు చేద ముందు నాకే ఇచ్చేవారు. ఓడిపోతున్న మనిషికి ఇంత మర్యాద జరిగే ఊరు మరొకటి ఉండదు.

ఆ సాయంత్రం మా ఆయన రామచంద్రం పట్నంలోని దఫ్తరు నుంచి ఒక కబురు తెచ్చారు. పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు అది. బదిలీ మీద వచ్చిన ఆఫీసర్ల భార్యలు, ఘోషాలో ఉండే దొరల ఇళ్ళ ఆడవాళ్ళు కలిసి ఒక క్లబ్బు పెట్టుకున్నారు. జీతం తీసుకొని సభ్యులతో ఆడి ఆట నేర్పేవాణ్ణి క్లబ్బుల్లో మార్కరు అంటారు. మగ మార్కరు ముందుకు ఘోషా ఆడవాళ్ళు రారు. అందుకని ఆడ మార్కరు కోసం వెతుకుతున్నారు.

"నీ పేరు చెప్పిన," అన్నారాయన.

"జీతం తీసుకుంటే ఇగ పోటీల్లకు రానియ్యరు, ఎరికేనా మీకు? ఆట అమ్ముకున్నోళ్ళని పేరు కొట్టేస్తరు."

"నాకేం తెల్సు. వద్దని చెప్పాల్నా మరి?"

"నేనే వచ్చి చెప్త," అన్నాను. ఆటగత్తెను పట్టుకొని మార్కరు అనడమేమిటి? మర్నాడు ఆయనతో పట్నం వెళ్తూ, నిరాకరించే మాటలను దారి పొడుగునా దిద్దుకున్నాను.

క్లబ్బు కోర్టు చుట్టూ నిలువెత్తు కనాతులు కట్టారు. ఆ గుడ్డ గోడల అవతలికి మగవాడి చూపు పోదు. కార్యదర్శి బెజవాడ వైపు ఆవిడ. "రండి రండి. మాటలు తర్వాత చెప్పుకుందామండీ. ముందు ఈవిడతో నాలుగు బంతులు ఆడండి," అని నా చేతికి బ్యాటు ఇచ్చారు.

అవతల కిష్టమ్మ దొరసాని నిలబడి ఉంది. యాభై దాటిన మనిషి, పట్టుచీర, మోచేతి దాకా గాజులు. పెళ్ళయినప్పటి నుంచి పరుగెత్తిన పాపాన పోలేదట.

నేను కొట్టాను. ఆమె తిప్పి కొట్టింది. మళ్ళీ కొట్టాను, మళ్ళీ కొట్టింది. ఆ బంతి ఎంతకీ ఆగలేదు.

"నా బ్యాటు యాడుంటే గాడికే వస్తున్నదమ్మా నీ బంతి," అంది దొరసాని ఆయాసపడుతూ. "నిన్న ఒకామె వచ్చింది. ఆమె కొట్టింది నాకు కనవడనే లే. ఆమె గెలిసి పోయింది, నేను కూసున్న."

"అదెలా నేర్చుకున్నారండీ?" అన్నారు కార్యదర్శి.

పిడకలకు తగలకుండా కొట్టీ కొట్టీ అని చెప్పలేదు. నాకు మాత్రం బోధపడింది. చాటంత చోటికి అలవాటైన చెయ్యి బంతిని ఎదుటి మనిషికి దూరంగా పంపలేదు. ఇన్నేళ్ళూ నా ప్రత్యర్థులు నిలబడ్డ చోటి నుంచి కదలకుండా నన్ను ఓడిస్తుంటే, అది వాళ్ళ ప్రతిభ అనుకున్నాను.

"ఇగ కొట్టు," అంది దొరసాని. "నాకింక ఉరకాలనున్నది."

ఈసారి కావాలనే కొంచెం పక్కకు వేశాను. ఆమె కనాతు దాకా పరుగెత్తింది. కొంగు జారితే నడుముకు చుట్టుకొని నవ్వింది. దిద్దుకొని వచ్చిన మాటలు నా నోట్లోనే ఉండిపోయాయి. ఇంట్లో అడిగి చెబుతానని కార్యదర్శితో అన్నాను. అడగవలసింది నన్నే.

అది తేలికగా తేలలేదు. మలేరియా సాయం లేకుండా ఒక్కటంటే ఒక్క ఆట గెలవాలని నాకు ఆశ. పోటీలకు వెళ్తున్నన్నాళ్ళూ, ఎంత ఓడినా, ఆ ఆశకు ఊపిరి ఉంటుంది. జీతం తీసుకున్న రోజున అది రూలు ప్రకారం పోతుంది. బావి దగ్గర బుచ్చమ్మ, "ఈపాలి కప్పు తెస్తవా బిడ్డా?" అని అడిగితే, నీళ్ళు తోడుకొని వచ్చేశాను. దారంతా బిందె తొణుకుతూనే ఉంది.

సెలవునాడు మధ్యాహ్నం మామయ్య, మా ఆయన పీటల మీద కూర్చున్నారు. అత్తమ్మ పొయ్యి దగ్గర ఉంది. నేను వడ్డిస్తున్నాను.

"పోటీలకు పేరిచ్చినవా అమ్మా?" అన్నారు మామయ్య.

"ఇయ్యలే మామయ్యా. ఇగ ఎప్పుడియ్య. క్లబ్బుల జీతానికి కుదురుతున్న. రోజు సాయంత్రం పోవాలె."

ఆయన చెయ్యి ముద్ద దగ్గర ఆగింది. "జీతానికా? చాంపియన్‌వి గదమ్మా నువ్వు."

"నేను ఒక్క ఆట సుత గెలవలే మామయ్యా. ఎదుటోళ్ళతోని ఆడిపిచ్చుడే నాకొస్తది. గది చేస్త."

మా ఆయన తలవంచుకొని అన్నం కలుపుతున్నారు. నవ్వుతున్నారో ఏమో కనిపించలేదు. అత్తమ్మ మాత్రం పొయ్యిలో కట్టె ఎగదోస్తూ, "మరి పొద్దుమీకి వంట?" అంది.

"సోమారం సంది పొద్దుమీకి నేనుండ," అన్నాను. "మీరు వండుండ్రి అత్తమ్మా. వడ్డించుకునుడు వీళ్ళు నేర్సుకుంటరు." అని, పచ్చిపులుసు గిన్నె ఇద్దరి పీటల మధ్య పెట్టాను.