తాగనివాళ్ల డబ్బాలో ఏడో గొట్టం

మిషన్ చెప్పింది తప్పని భాను తేల్చేసింది. ఎందుకంటే ఏడో గొట్టంలో ఉన్నది వాళ్ల అమ్మమ్మ ఉమ్మి. అమ్మమ్మ సుట్ట మానేసి ఎనిమిదేళ్లయింది కదా మరి!

భాను విశాఖలో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ. ప్రాజెక్టు కోసం అరకు చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి నలభై మంది ఆడవాళ్ల ఉమ్మి పట్టుకొచ్చింది. సగం మంది అడ్డసుట్ట తాగేవాళ్లు, సగం మంది తాగనివాళ్లు. అడ్డసుట్టంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని తాగడం. వానలో కాఫీ తోటలో కలుపు తీస్తుంటే నిప్పు బయటుంటే ఆరిపోద్ది, లోపలుంటే ఆరదు, ఒళ్లూ వెచ్చగా ఉంటది. కానీ ఏళ్లతరబడి ఆ వేడికి అంగిలి కాలిపోయి పుళ్లు లేస్తాయి.

ఆ ఉమ్మిలో భాను వెతికేది ఎంఎంపీలని. ఒంట్లో ఇరవై మూడు రకాలున్న ఎంజైముల కుటుంబం, కణాల చుట్టూ ఉండే అల్లికని కత్తిరించడం వాటి పని. పుండు మానాలన్నా అవే కావాలి. క్యాన్సర్ చేతిలో పడితే మాత్రం దానికి దారి కొట్టిపెట్టేది కూడా అవే!

నలభై గొట్టాల్లోనూ అన్నిటికంటే ఎక్కువొచ్చింది ఏడో దాంట్లో.

"ఇంకోసారి శాంపిల్ తెప్పిస్తావా?" అంది గైడు ప్రసన్న మేడం.

"అక్కర్లేదు మేడం, మా అమ్మమ్మే. ఉమ్మి దారిలో పాడైపోయుంటది." భాను గబగబా లెక్కలోంచి ఏడో నంబరు కొట్టేసింది. అది మార్చి.

ఆగస్టులో అమ్మ ఫోన్ చేసింది. అమ్మమ్మ అంబలి కూడా మింగలేకపోతోందంట. పెద్దాసుపత్రిలో డాక్టరు టార్చి వేసి చూశాడు. అంగిట్లో గుంట. మెడ తడిమితే గడ్డలు. "అయిదు నెలల ముందు తెచ్చుంటే కోసి తీసేవాళ్లమేమో," అన్నాడు. ఇక నొప్పి మాత్రలే.

ఇంటికొచ్చాక, అరుగు మీద పడుకున్న అమ్మమ్మ పక్కన చతికిలబడింది భాను.

"నువ్వు సుట్ట మానేశావు కదా అమ్మమ్మా?"

"నీ ముందర మానీసినాను."

భాను తొమ్మిదో క్లాసులో హాస్టల్ నుంచి సెలవలకొచ్చి, కంపు, నా పక్కలో పడుకోకు అని అరిచింది. అమ్మమ్మ సుట్టల కట్టంతా తన ముందే పొయ్యిలో పడేసింది. అందుకే ఫారంలో అసలు అడక్కుండానే 'తాగదు' అని రాసేసింది భాను.

"నిప్పు లోపలుంటే నీకేటి కనపడతాదే? నువ్వొత్తన్నావంటే మూడ్రోజులు మానీసి జామాకు నవిలీదాన్ని. పక్కలో పడుకోవని బయం."

"మార్చిలోనే నీ ఉమ్మి చెప్పేసింది అమ్మమ్మా. నేనే కొట్టేశాను."

"ఏటి సెప్పింది?"

"పోడుకి తుప్పలు కొడతాం కదా, అలాంటి కత్తులు నీ నోట్లో ఆడేస్తున్నాయని."

"అంత సదువు సదివి, కత్తి సప్పుడింటే సెవులు మూసీసుకున్నావేటే గుంటా?" అని అమ్మమ్మ నవ్వబోయి, నొప్పికి దవడ పట్టుకుంది. "ఏడవకు. నేనూ అబద్దమాడినాను కదా."

భాను వెక్కిళ్లు ఆగలేదు.

"ఆగవే, ఇను. సోమన్న పెళ్లాం గంగ నీకేటి సెప్పింది? తాగనందా?"

"అవును..."

"ఒట్టిదే. రమణీ అంతే. కోడళ్ల ముందర సిగ్గు. గంగ నోరు మండిపోతందని నాలుగు రోజుల్నించి కారం తినట్లేదు."

తన తాగనివాళ్ల డబ్బాలో ఇలాంటివాళ్లు ఇంకెంత మంది ఉన్నారో! భాను సంచిలోంచి టార్చి, ఫారాలు లాగింది.

"ముందు నాది దిద్దు. సుట్ట, నిప్పు లోపల, యాబై ఏళ్లు."

'తాగదు' కొట్టేసి రాసింది. అక్షరాలు అలుక్కుపోయాయి.

"ఎల్లొచ్చి నా పక్కలో పడుకుంటావేటి? ఇప్పుడింకా కంపు."

భాను అప్పటికప్పుడే పక్కన ఒరిగి, ఆ మొహానికి మొహం ఆనించింది. పుండు వాసన గుప్పుమంది. మొహం తిప్పుకోలేదు.

అమ్మమ్మ దాని జుట్టు నిమిరింది. కాసేపటికి మోచేత్తో పొడిచింది.

"సాల్లే. గంగ సంతకెల్లిపోతాది. బేగి లెగు."