ఎడమచేతి ముడి

డువ్‌రాన్ సరస్సులో ట్రౌట్ చేపకు గేలం వేయాలంటే ముందు నా దగ్గరికి రావాలి. పడవల షెడ్డు తాళాలు నా దగ్గరే ఉంటాయి. ముప్పై ఏళ్ళు బడిపిల్లలకు వండిపెట్టి, రిటైరయ్యాక ఈ పని పట్టుకున్నాను. గేలం తాడు చివర కట్టే సన్నదారాలు కూడా నేనే కట్టి ఇస్తాను. ఆ దారం గేలం కర్ర ఎంత పొడుగో అంత ఉండాలి, మొదట్లో లావుగా ఉండి పోనుపోను సన్నబడాలి. చిట్టచివరి బారెడు ముక్కను కొసదారం అంటాం. ఈకలతో చేసిన దొంగ ఈగను కట్టేది దానికే. ఏదైనా తెగాల్సి వస్తే ముందు తెగాల్సింది కూడా అదే.

నేర్చుకునేవాళ్ళకు ఎక్కడైనా ఆరు పౌన్ల బరువు ఆపే కొసదారం ఇస్తారు. కొత్తచేతులు కదా, చేప పట్టగానే గుంజేస్తారు, సన్నదైతే పుటుక్కుమంటుంది. నేను మాత్రం మొన్నమొన్నటిదాకా, రెండేళ్ళపాటు, ఎవరొచ్చినా మూడు పౌన్లదే ఇచ్చాను. కాదన్నవాళ్ళకు పడవ ఇవ్వలేదు.

"నీ దారానికి సాలెపురుగైనా వేలాడదమ్మా డోలీనా," అనేవాడు పడవలకు తారు పూసే ముసలి హెక్టర్.

"నువ్వు వేలాడి చూడు, ఊరికి పీడ విరగడవుతుంది," అనేదాన్ని.

హెక్టర్ నవ్వేవాడు గానీ కారణం అతనికీ తెలుసు. రెండేళ్ళ కిందట మే నెలలో నా తమ్ముడు టోర్మడ్ ఈ సరస్సులోనే పోయాడు. వాడు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. చేప తెంపుకుపోతే వారం రోజులు అన్నం సహించేది కాదు వాడికి. ఆ ఉదయం కూడా వచ్చి, నీ దారాలన్నీ కుళ్ళువి, వాటివల్లే పెద్ద చేప పోయింది అని నా మీద ఎగిరాడు. నాకు ఒళ్ళు మండింది. సాల్మన్ చేపలకు వాడే పదిహేను పౌన్ల దారం ఉండ తీసి వాడి మొహాన కొట్టాను. "ఇదిగో, తిమింగలాన్ని పట్టుకురా పో," అన్నాను. వాడితో నేనన్న చివరి మాట అదే.

సాయంత్రం ఉత్తరపు మూలలో పడవ దొరికింది. తెడ్లు సర్దినవి సర్దినట్టే ఉన్నాయి, పడవలో చుక్క నీరు లేదు. వాడూ లేడు, కర్రా లేదు. ఏం పట్టిందో గానీ ఆ దారం తెగి ఉండదు, కర్ర వదిలే రకం వాడు కాడు. పోలీసు ఈతగాళ్ళు నాలుగు రోజులు వెతికారు. మా సరస్సు నీళ్ళు చుట్టూ ఉన్న బొగ్గుమట్టి నానడంవల్ల చిక్కటి టీ రంగులో ఉంటాయి, లోపల తన చెయ్యి తనకే కనబడదు. వాడి భార్య కిర్‌స్టీ శ్మశానంలో పేరు రాసిన రాయి పెట్టనివ్వలేదు. మనిషి లేకుండా రాయి దేనికి అంది.

మరుసటి వేసవిలో అది మొదలైంది. ఉత్తరపు మూలకు వెళ్ళినవాళ్ళ గేలానికి ఏదో బరువుగా, మెత్తగా తగులుతుంది. మూడు పౌన్ల దారం తెగుతుంది. వాళ్ళు రెండు తిట్లు తిట్టి తాడు చుట్టేసుకుని వచ్చేస్తారు. తెగిన కొసను ఎవరు చూస్తారు? షెడ్డులో దారాలు మార్చేటప్పుడు నేను చూశాను. తెగినచోట ఇంకో బారెడు దారం కట్టి ఉంది. తాకగానే తెలిసింది, పదిహేను పౌన్లది. రెండు వైపులా అయిదేసి చుట్లు, నేను టోర్మడ్‌కు నేర్పిన ముడే. కాకపోతే చుట్లు ఎదురు తిరిగి ఉన్నాయి. మా ఊళ్ళో ఎడమచేత్తో ముడి వేసేవాడు నా తమ్ముడొక్కడే.

దాన్ని పొయ్యిలో వేశాను. తర్వాత మరొకటి వచ్చింది. మొత్తం పదకొండు వచ్చాయి, పదకొండూ పొయ్యిలోనే వేశాను, ఎవరికీ చెప్పలేదు. గట్టి దారం వెయ్యండి, నన్ను పైకి లాగండి అని వాడు అడుగుతున్నాడని నాకు అర్థం కాక కాదు. అయితే అడుగుతున్నది వాడేనా? మనం ఈకలతో ఈగను చేసి చేపను నమ్మిస్తాం. వాణ్ణి పట్టుకుపోయినది ఏదో కింద కూర్చుని, వాడి ముడినే ఈగగా చేసి మమ్మల్ని నమ్మిస్తుంటే? రాత్రుళ్ళు ఈ ఆలోచన వచ్చిందంటే లేచి దీపం వెలిగించుకుని కూర్చునేదాన్ని.

ఈ మే నెలలో కిర్‌స్టీ వచ్చింది.

"గేలం వెయ్యడం నేర్పు వదినా."

"నీకా? బొద్దింకను చూస్తే కుర్చీ ఎక్కుతావు."

"ఇవి ఈకల పురుగులేగా. నేర్పుతావా, పక్కూరు పోయి నేర్చుకోనా?"

ఎందుకు అడుగుతోందో ఊహించాను. పక్కూరికి పోవడం కన్నా నా కళ్ళముందు ఉండడమే నయమనిపించి సరేనన్నాను. రెండు వారాలు గడ్డిమీదే విసరడం నేర్పాను. తొందరపడి కర్ర ముందుకు కొడితే దారం తన మీద తానే దాటుకుని ఆవగింజంత ముడి పడుతుంది. అది పడితే దారం బలం సగమైపోతుంది. అందుకని పదిసార్లు విసిరాక ఒకసారి దారమంతా వేళ్ళతో తడుముకోవాలని చెప్పాను. ముడి బిగించేముందు ఉమ్మితో తడపడం దగ్గర్నుంచి అన్నీ శ్రద్ధగా నేర్చుకుంది.

"గేలం నేర్పే పుస్తకంలో ఆరు పౌన్లని ఉంది. మూడే ఇస్తావేం?" అంది ఒకసారి.

"ఆ పుస్తకం రాసినాయన డువ్‌రాన్ చూళ్ళేదులే."

మూడోసారి పడవ ఎక్కినప్పుడు తెడ్లు తనే తీసుకుంది. నేరుగా ఉత్తరపు మూలకు నడిపింది. వద్దన్నా వినలేదు. మిట్టమధ్యాహ్నం, గాలి లేదు. నీటికోళ్ళు సరస్సంతా తిరుగుతాయి గానీ ఆ మూలకు రావు. అక్కడ మాట్లాడితే గొంతు మనది కాదేమో అనిపిస్తుంది. కిర్‌స్టీ నాలుగుసార్లు విసిరింది. అయిదోసారి తాడు నెమ్మదిగా బిగిసింది, కర్ర వంగింది, దారం తెగింది.

"చుట్టేసెయ్, పోదాం," అన్నాను.

ఆమె చుట్టింది. కొసను వేళ్ళతో పైకెత్తింది. నేను నేర్పిన చదువే కదా, ముడి చూడగానే కళ్ళు దానిమీద నిలిచిపోయాయి.

"వదినా, ఈ ముక్క మనం కట్టలేదు. చుట్లు ఎదురు తిరిగున్నాయి." నా మొహం చూసింది. "నీకు తెలుసు."

"కిర్‌స్టీ..."

"ఎన్ని వచ్చాయి?"

"పదకొండు. అన్నీ పొయ్యిలో వేశాను. ఇది పన్నెండోది."

"పదకొండుసార్లు అడిగితే పొయ్యిలో పెట్టావా! నీ సొంత తమ్ముడే కదే!" మా వదినామరదళ్ళ మధ్య ఆమె నన్ను 'కదే' అని అనడం అదే మొదలు. "రెండేళ్ళుగా ఆ చలినీళ్ళలో ఉన్నాడు. నీకు నిద్రెలా పట్టింది?"

"పట్టలేదు," అన్నాను. అది నిజమే. అడుగుతున్నది వాడు కాదేమోనన్న నా భయమంతా చెప్పాను. ఆమె వినిపించుకోలేదు. ఆ పదిహేను పౌన్ల ముక్కకే ఈగను కట్టింది. పై దారం కూడా గట్టిది వెయ్యమని కర్ర నాకు అందించింది. వెయ్యనంటే తనే నీళ్ళలోకి దిగుతానంది, దిగే మనిషే.

వేశాను. దారమంతా వేళ్ళ మధ్య సాగదీసి సరిచేశాను. అప్పుడు ఆమె నీళ్ళకేసి చూస్తోంది. దారం నడిమధ్యలో ఒక చిన్న ముడి వేశాను, ఆవగింజంత. తమ్ముడు ఎలాగూ పోయాడు, మరదలైనా దక్కాలనుకున్నాను.

ఆమె విసిరింది. తాడు ముందులాగే బిగిసింది. నేను ఆమె నడుము పట్టుకుని కూర్చున్నాను, కిందున్నది ఆమెను లాగేస్తుందని. లాగలేదు. అసలు ఎదురు గుంజుడే లేదు. నిద్రలేని పసివాణ్ణి ఎత్తుకుంటే తనే మీదికి పాకి వస్తాడే, అలా బరువు తనంతట తానే పైకి రాసాగింది. పడవ చుట్టూ నీళ్ళు చల్లబడ్డాయి. ముందు వాడి ఆకుపచ్చ కోటు కనబడింది. తర్వాత ఎడమచెయ్యి. వేళ్ళు దారాన్ని పట్టుకుని ఉన్నాయి, నిచ్చెన ఎక్కేవాడిలా ఒక్కో పట్టు మార్చుకుంటూ. వాడి కింద ఏమీ లేదు. నేను బాగా చూశాను, నల్లటి నీళ్ళే ఉన్నాయి.

"కిర్‌స్టీ, లాగకు! తాడు వదులు చెయ్యి!" అని అరిచాను, నేను వేసిన ముడి గుర్తొచ్చి.

"ఇంకా భయమేనా నీకు?" అంటూ ఆమె చెయ్యి చాచింది. వాడి వేళ్ళకూ ఆమె వేళ్ళకూ మధ్య జానెడు కూడా లేదు. దారం తెగింది.

చెయ్యి కాసేపు అలాగే నీళ్ళలో తెరుచుకుని ఉంది. తర్వాత కోటు, ఆ తర్వాత చెయ్యి, రెండూ కిందికి పోయాయి. నేను భుజందాకా చెయ్యి ముంచి వెతికాను. చన్నీళ్ళు తప్ప ఏమీ తగల్లేదు.

కిర్‌స్టీ చాలాసేపటికి తాడు చుట్టింది. తెగినచోట దారం కొస మెలితిరిగి ఉంది. ముడి దగ్గర తెగితే అలాగే ఉంటుందని చెప్పింది నేనే.

"నడిమధ్య తెగింది వదినా. విసిరేటప్పుడు ముడి పడిందా?"

నేను నోరు తెరిచాను. నిజం నాలుకదాకా వచ్చింది.

"కొత్తచేతులకు పడుతుందమ్మా," అన్నాను.

ఆమె నా ఒళ్ళో తలపెట్టి ఏడ్చింది. "నిన్ను ఎన్నెన్ని మాటలన్నాను! నీ తమ్ముణ్ణి నేనే జారవిడిచాను, నన్ను క్షమించు వదినా," అంది. నేను ఆమె తల నిమిరాను.

తర్వాత ఉత్తరపు మూలలో ఎవరి దారమూ తెగలేదు. ఇప్పుడు అందరికీ ఆరు పౌన్లదే ఇస్తున్నాను. తెచ్చి ఇచ్చిన ప్రతి దారాన్నీ కొసదాకా తడుముతాను. ఎదురు తిరిగిన ముడి ఒక్కటీ ఉండదు. వాడు అడగడం మానేశాడు.

కిర్‌స్టీ మానలేదు. వాన పడినా, కొండమీద మంచు కురిసినా రోజూ పొద్దున్నే షెడ్డు ముందు గడ్డిమీద నిలబడి విసురుతుంది. పదిసార్లకు ఒకసారి ఆగి దారమంతా వేళ్ళతో తడుముకుంటుంది. ఇప్పుడు మా జిల్లాలో ఆమెలా విసిరేవాళ్ళు లేరు.

"చూశావా వదినా, నెలరోజులుగా ఒక్క ముడి కూడా పడలేదు," అంటుంది కిటికీలోంచి నన్ను చూసి.

"బాగా వస్తోందమ్మా," అంటాను.